ముప్ఫై లైఫుల కంపెనీ

పిల్లలు "ఆడట్లేదన్నా" అంటూ క్యాసెట్టు తెచ్చి బల్ల మీద పెడితే నేను మొదట చేసే పని వెనక స్క్రూ విప్పడం. పసుపుపచ్చ ప్లాస్టిక్ డొల్ల రెండు చెక్కలుగా ఊడొచ్చేది. లోపల అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ బోర్డు, దాని నడుమ రూపాయి బిళ్లంత నల్ల బొట్టు. ఆటంతా ఆ బొట్టు కిందే ఉంటుంది. దాని మీద కంపెనీ పేరుండదు, నంబరుండదు. బోర్డు కింది అంచున రాగి పళ్లు, ఈ వైపు ముప్ఫై, ఆ వైపు ముప్ఫై. పిల్లలు నోటితో ఊదీ ఊదీ వాటికి చిలుము పట్టించేవాళ్లు. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, స్పిరిట్లో తడిపిన దూదితో తుడిచి, మళ్లీ సెట్టులో గుచ్చితే టీవీ తెర పక్కనుంచి ఇద్దరు సైనికుల బొమ్మ జరుగుతూ వచ్చి నిలబడేది. కాంట్రా.

తెనాలి మారిస్‌పేటలో 1995 నుంచి 2003 దాకా నాకు టీవీ రిపేరు షాపు ఉండేది. ముందు గదిలో రిపేర్లు, వెనక గదిలో రెండు పోర్టబుల్ టీవీలు, రెండు వీడియో గేమ్ సెట్లు. గంటకు పది రూపాయలు, అరగంటకు ఐదు. జపాన్ నింటెండో వాళ్ల ఫామికామ్ యంత్రానికి నకళ్లు ఆ సెట్లు. క్యాసెట్లూ నకళ్లే. కాంట్రా తయారుచేసిన కంపెనీకి మా ఊరి నుంచి ఒక్క పైసా వెళ్లలేదు. కొన్ని క్యాసెట్లలో మొదటి తెర మీద కొనామి అన్న పేరు కనిపించేది, కొన్నిటిలో నకలు కొట్టినవాళ్లు దాన్ని చెరిపేసేవాళ్లు. పిల్లలకు కాంట్రా పేరే తెలుసు. నాకూ అంతే తెలుసు.

ఆ ఆటలో మామూలుగా మూడు లైఫులు. కానీ మొదటి తెర మీద పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, ఆ తర్వాత బి, ఎ నొక్కి స్టార్ట్ కొడితే ముప్ఫై లైఫులు వచ్చేవి. ఈ రహస్యం తెనాలికి ఎవరు తెచ్చారో నాకు తెలియదు. చిలకలూరిపేట నుంచి సెలవులకొచ్చిన ఒక కుర్రాడు మా షాపులో చేసి చూపించాడు. సాయంత్రానికల్లా వీధి వీధికీ పాకింది. మూడో స్టేజి జలపాతం. ఒకడు తొందరపడి పైకి ఎక్కేస్తే తెర కూడా వాడితో పాటు పైకి జరిగి, కింద ఉన్నవాడు చచ్చిపోతాడు. అన్నదమ్ములు అక్కడే కొట్టుకునేవాళ్లు. ముప్ఫై లైఫులు ఉంటే ఆ కొట్లాట కొంత తగ్గేది.

కొనామి అన్న ఆ పేరు వెనక ఏముందో తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. మా అక్క కొడుకు హైదరాబాదులో గేముల పనిలో చేరాక వాడి ద్వారా కొంత తెలిసింది. ఆ తర్వాత నేనే వెతికి చదువుకున్నాను. చదివేకొద్దీ మనసు కష్టపడింది.

1969 మార్చి 21న ఒసాకా దగ్గర టొయోనాకాలో కగెమాస కోజుకి అనే ముప్ఫై నిండని మనిషి ఒక వ్యాపారం మొదలుపెట్టాడు. జ్యూక్‌బాక్సులు అద్దెకివ్వడం, చెడిపోతే బాగుచెయ్యడం. బిళ్ల వేస్తే పాట వచ్చే పెట్టెలవి. కొనామి పుట్టుక అదే. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. అద్దెకివ్వడం, బాగుచెయ్యడం నా బతుకే కదా. అద్దె పనిలో ఉన్నవాడికి ఒకటి బాగా తెలుస్తుంది: పెట్టెలో బిళ్లలు పడటం ఆగిందంటే ఆ పెట్టెను రేపు అక్కణ్నుంచి తీసెయ్యాలి. కోజుకి ఆ లెక్క తెలిసిన మనిషి. కొనామి కథలో మంచికీ చెడుకీ ఆ లెక్కే కారణమని నా అభిప్రాయం.

1973లో అది కంపెనీ అయింది. 1978లో బిళ్ల వేసి ఆడే వీడియో ఆటల్లోకి దిగింది. 1981లో స్క్రాంబుల్, అదే ఏడాది కప్ప రోడ్డు దాటే ఫ్రాగర్. లారీల మధ్య నుంచి, నదిలో దుంగల మీద నుంచి కప్పను ఇంటికి చేర్చాలి. ఇంత చిన్న ఊహతో ప్రపంచమంతటా యంత్రాలు బిళ్లలతో నిండాయి. 1985లో గ్రేడియస్, 1986లో కాసిల్వేనియా, 1987లో మెటల్ గేర్. అదే 1987లో కాంట్రా ముందు బిళ్లల యంత్రంగా వచ్చి, 1988లో ఇళ్లలోని టీవీలకు చేరింది.

ఆ రోజుల కొనామి గురించి రిపేరు చేసేవాడిగా ఒక మాట చెప్పాలి. వాళ్లు ఆట రాసి ఊరుకోలేదు, చిప్పులు కూడా సొంతంగా చేయించుకున్నారు. ఫామికామ్ యంత్రం శక్తి చాలా తక్కువ. అందుకని క్యాసెట్టులోనే అదనపు చిప్పు పెట్టేవాళ్లు. జపాన్‌లో అమ్మిన కాంట్రా క్యాసెట్టులో అలాంటిది ఉంటుంది. అందుకే ఆ ప్రతిలో అడవి చెట్లు ఊగుతాయి, మంచు స్టేజిలో మంచు పడుతుంది. 1989లో వచ్చిన మూడో కాసిల్వేనియా జపాన్ క్యాసెట్టులో ఇంకో రకం చిప్పు పెట్టి సంగీతానికి మూడు స్వరమార్గాలు కలిపారు. అమెరికాలో అమ్మిన యంత్రం ఆ అదనపు సంగీతాన్ని అందుకోలేదు కాబట్టి అక్కడ అది తీసేయాల్సి వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నాను. జపాన్ ప్రతిలో తీగవాద్యాల నిండుదనం ఉంది. నాలుగు బొమ్మలు గెంతే ఆట కోసం అంత శ్రమ పడ్డారంటే అక్కడ పనివాడి మాట చెల్లేదన్నమాట.

ముప్ఫై లైఫుల రహస్యం పుట్టిందీ అలాంటి గదిలోనే. కజుహిస హషిమోటో అనే ప్రోగ్రామర్ గ్రేడియస్ ఆటను ఫామికామ్ కోసం మళ్లీ తయారుచేస్తున్నాడు. పరీక్షించడానికి తనే ఆడాలి. ఆట కష్టం, తను చివరిదాకా వెళ్లలేకపోతున్నాడు. అందుకని తన వేళ్లకు గుర్తుండేలా ఆ వరస నొక్కితే ఆయుధాలన్నీ వచ్చేటట్టు రాసుకున్నాడు. అమ్మకానికి వెళ్లే ముందు తీసెయ్యాల్సింది, మర్చిపోయారు. 1986లో అది అలాగే బజారుకెళ్లింది. ఆ తర్వాత కంపెనీ దాన్ని ఆచారంగా చేసుకుంది. ఒక పనివాడు తన కోసం రాసుకున్న వరస మా మారిస్‌పేట పిల్లల వేళ్లకు కంఠతా వచ్చింది. అతని పేరు మాత్రం మాకెవరికీ రాలేదు.

పేరు సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ కాలంలో జపాన్ కంపెనీలు ఆట చివర పనివాళ్ల అసలు పేర్లు వెయ్యడానికి జంకేవి. పక్క కంపెనీ చూసి మనిషిని ఎగరేసుకుపోతుందని భయం. కాంట్రా చివర పేర్లు పడతాయి, వాటిలో కొన్ని ముద్దుపేర్లు. మొదటి కాసిల్వేనియా చివరనైతే పాత దయ్యాల సినిమా నటుల పేర్లను కొద్దిగా వంకర తిప్పి వేశారు. సంగీతం చేసేవాళ్లందరికీ కలిపి కొనామి కుకెయిహా క్లబ్ అని ఒకటే పేరు. అప్పటి కంపెనీ తన మనుషుల్ని దాచుకుంది. దాచుకోవడంలో భయంతో పాటు విలువ కూడా ఉంటుంది. పనికిరానివాణ్ని ఎవరూ దాచుకోరు.

అయినా మనుషులు ఆగలేదు. కొనామి పెద్దదై, హిట్టయిన ఆటకు రెండో భాగం, మూడో భాగం అనే దారి పట్టేసరికి కొత్తవి చెయ్యాలన్న వాళ్లకు ఊపిరాడలేదు. 1992లో మసాటో మాఎగావా మరికొందరు ప్రోగ్రామర్లతో బయటికొచ్చి ట్రెజర్ అని చిన్న సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది వాళ్లు చేసిన గన్‌స్టార్ హీరోస్ ఆడి చూస్తే, ఇద్దరు మనుషులు పక్కపక్కన పరుగెత్తుతూ కాల్చే ఆ తీరు ఎక్కడిదో కాంట్రా ఆడినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందరూ 2015లో జరిగిన గొడవ గురించి (అది తర్వాత చెబుతాను) మాట్లాడతారు గానీ, గోడకు మొదటి నెర్రె పడింది అక్కడే అంటాను.

తొంభైల చివర కొనామికి మళ్లీ మంచి కాలం వచ్చింది. 1986లో చేరిన హిడియో కోజిమా 1998లో మెటల్ గేర్ సాలిడ్ చేశాడు. దాక్కుంటూ వెళ్లాల్సిన ఆట అది, కాల్చుకుంటూ పోయేది కాదు. మరుసటి ఏడాది సైలెంట్ హిల్ వచ్చింది. దాన్ని చేసిన బృందం కథ నాకు చాలా ఇష్టం. వేరే ప్రాజెక్టుల్లో రాణించలేదని పక్కన పెట్టినవాళ్లు, ఉద్యోగం మానేద్దామా అని ఊగుతున్నవాళ్లు అందులో చాలామంది. పెద్దలు వాళ్లమీద ఆశ వదులుకోవడం వల్లే వాళ్లకు స్వేచ్ఛ దొరికింది. ప్లేస్టేషన్ యంత్రానికి దూరం చూపించే శక్తి లేదు. వాళ్లు ఊరంతా పొగమంచు కప్పేసి ఆ లోపాన్నే భయంగా మార్చారు. మధ్యలో వచ్చే సినిమా ముక్కలన్నీ తకయోషి సాటో ఒక్కడే చేశాడు. ఒక కంప్యూటరు సరిపోదు కాబట్టి, రాత్రి అందరూ ఇళ్లకు వెళ్లాక ఆఫీసులో ఖాళీగా ఉన్న నూట యాభై దాకా కంప్యూటర్లకు పని పంచి, తెల్లారి వాళ్లొచ్చేలోగా బొమ్మలు తీసుకునేవాడు. రెండేళ్లకు పైగా ఆఫీసులోనే బతికాడు. ఎవరూ అడగకుండా చేశాడు. అలాంటి మనిషిని ఏ కంపెనీ అయినా నెత్తిన పెట్టుకోవాలి.

నాలుగు భాగాల తర్వాత, 2004లో ఆ బృందం చెదిరిపోయింది. ఆ పైన సైలెంట్ హిల్ పేరును ఒకసారి బ్రిటన్‌కి, ఒకసారి అమెరికాకి, ఒకసారి చెక్ దేశానికి కాంట్రాక్టుకిచ్చారు. 2012లో పాత రెండు, మూడు భాగాలను కొత్త యంత్రాలకు తెద్దామనుకుంటే కొనామి దగ్గర పూర్తయిన కోడ్ లేదు. మధ్యలో ఆగిన, తప్పులున్న ప్రతే మిగిలింది. ఆ పని తీసుకున్నవాళ్లు పదేళ్ల కిందట పనివాళ్లు దిద్దేసిన తప్పుల్నే మళ్లీ కూర్చుని దిద్దుకున్నారు. పొగమంచు కూడా సరిగా రాలేదు. నా షాపులో ఇరవై ఏళ్ల నాటి టీవీ సర్క్యూట్ కాగితాలు కూడా అట్టపెట్టెలో ఉండేవి. ఎలుకలు కొట్టకుండా మధ్యలో కలరా ఉండలు వేసేవాణ్ని. తన చేతిలో పుట్టిన పనికి చివరి ప్రతి దాచుకోని కంపెనీ గురించి చదువుతుంటే నాకు కోపం కన్నా దిగులు ఎక్కువ కలిగింది.

మరి ఆ సంవత్సరాల్లో కంపెనీ పెద్దల దృష్టి ఎక్కడుంది? అదీ చెప్పాలి, లేకపోతే వాళ్లకు అన్యాయం చేసినవాణ్నవుతాను. 2000లో నెవాడాలో జూదశాల యంత్రాలు అమ్మే లైసెన్సు సంపాదించారు. 2001లో పీపుల్ అనే వ్యాయామశాలల సంస్థను కొని, జపాన్‌లోనే అతి పెద్ద జిమ్ముల యజమానుల్లో ఒకరయ్యారు. యుగియో పేకముక్కలు విపరీతంగా అమ్ముడుపోయాయి. పచిస్లాట్ అని జపాన్ జూదశాలల్లో బిళ్లలు వేసి చక్రాలు తిప్పే యంత్రాలుంటాయి, వాటినీ తయారుచేశారు. ఒక ఆటకు నాలుగేళ్లు డబ్బు పోసి, ఆడుతుందో లేదో తెలియక కూర్చోవడం కన్నా నెలనెలా వచ్చే జిమ్ము చందా నయమని తోచడంలో తప్పేముంది? జ్యూక్‌బాక్సు అద్దెకిచ్చిన మనిషి అలాగే ఆలోచిస్తాడు.

సప్పోరోలో పుట్టిన హడ్సన్ సంస్థను కూడా ఆ సంవత్సరాల్లోనే మెల్లమెల్లగా కొన్నారు. అదీ మాకు తెలిసిన పేరే. మా వెనక గదిలో కాంట్రా తర్వాత ఎక్కువ ఆడిన ఆట హడ్సన్ వాళ్ల అడ్వెంచర్ ఐలాండ్, ఆకు గుడ్డ కట్టుకుని గొడ్డలి విసిరే బొద్దు మనిషిది. ఆ బొమ్మకు మూలం హడ్సన్ ఉద్యోగి తకహాషి. సెకనుకు పదహారు సార్లు బటన్ నొక్కగలడని జపాన్ పిల్లలు అతన్ని సినిమా హీరోలా చూసేవాళ్లు. జాయ్‌స్టిక్ విప్పితే బటన్ కింద రబ్బరుకు నల్లటి కార్బన్ చుక్క ఉంటుంది, ఫైరింగ్ బటన్ చుక్క ముందు అరిగిపోతుంది. అలాంటివి వందలు మార్చాను కాబట్టి ఆ పదహారు అంకె విలువ నాకు తెలుసు. 2011లో కొనామి హడ్సన్‌ను పూర్తిగా కొనేసింది. తకహాషి ఆ ఏడాదే వెళ్లిపోయాడు. 2012 మార్చి 1న హడ్సన్ కొనామిలో కలిసిపోయింది.

2010లో కొనామి నుంచి డ్రాగన్ కలెక్షన్ అనే చిన్న ఫోను ఆట వచ్చింది. ఖర్చు స్వల్పం, రాబడి వరద. దాన్ని నడిపిన హిడెకి హయకావా 2015 ఏప్రిల్లో గేముల విభాగానికి అధ్యక్షుడయ్యాడు. ఇక ముందు దారి ఫోన్లేనని బాహాటంగా చెప్పాడు. అప్పటికి కోజిమా బృందం మెటల్ గేర్ అయిదో భాగం మీద 8 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టిందని నిక్కే పత్రిక రాసింది. ఈ రెండు ఆటల లెక్కలూ ఒకే బల్ల మీద పెట్టుకుని చూసినవాడు ఎటు మొగ్గుతాడో ఊహించవచ్చు. కోజిమా వైపు కూడా పట్టూ విడుపూ లేని పంతం ఉండి ఉండవచ్చు. గడువు దాటేసే పనివాడితో యజమాని పడే బాధ నాకు తెలియంది కాదు.

కానీ లెక్క నచ్చకపోతే పని ఆపమని చెప్పొచ్చు. మనిషిని చిన్నబుచ్చక్కర్లేదు. 2015 ఆగస్టులో నిక్కే ఆ కంపెనీ లోపలి సంగతులు బయటపెట్టింది. నడవాల్లో కెమెరాలు. భోజనానికి వెళ్లిన సమయం కార్డు మీద నమోదు. ఆలస్యమైనవాళ్ల పేర్లు అందరికీ ప్రకటన. ఉద్యోగుల ఈమెయిలు చిరునామాలు అర్థంలేని అక్షరాలతో, కొన్ని నెలలకోసారి మార్పు. పనికిరారనుకున్న గేము తయారీదారుల్ని కాపలా పనికి, జిమ్ములు శుభ్రం చేసే పనికి, పచిస్లాట్ ఫ్యాక్టరీ వరసలోకి. మానేసిన ఒకాయన ఫేస్‌బుక్‌లో రాసుకున్నదానికి లైకు కొట్టినవాళ్లకు కూడా బదిలీ. కోజిమా బృందం పేరు తీసేసి ఎనిమిదో నంబరు తయారీ విభాగం అన్నారు, అక్కడి కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు.

చీపురు పట్టడం తక్కువ పని కాదు. నా షాపు నేనే ఊడ్చుకున్నాను. కానీ సోల్డరింగ్ ఐరన్ పట్టిన చేతికి, అది లాగేసుకుని, నలుగురూ చూస్తుండగా చీపురిస్తే అది జీతం కోసం ఇచ్చిన పని కాదు, శిక్ష. ఆ శిక్ష చూసిన మిగతావాళ్లు మర్నాటి నుంచి కొత్త ఊహ ఏదీ నోటితో చెప్పరు. కొనామి ఆటల్లో ప్రాణం పోవడానికి నేననుకునే కారణం ఇదే. ఫోన్లు కాదు, జిమ్ములు కాదు. ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు భయపడ్డారు.

అంతకు ముందు ఏడాది, 2014 ఆగస్టులో, ప్లేస్టేషన్‌లో పి.టి. అనే రెండక్షరాల ఆట ఉచితంగా పెట్టారు. చేసింది 7780స్ స్టూడియో అని వేశారు. అలాంటి స్టూడియో లేదు. మా అక్క కొడుకు దాన్ని తన యంత్రంలో ఎక్కించుకుని, ఒక రాత్రి లైట్లు తీసేసి నన్ను ఆడమన్నాడు. ఒక మామూలు ఇంటి నడవా. గోడకు ఫొటోలు, టేబుల్ మీద టెలిఫోను, రేడియోలో హత్యల వార్తలు. నడవా మలుపు తిరిగి చివరి తలుపు తెరిస్తే మళ్లీ అదే నడవా మొదలు. రెండోసారి ఏదో ఒకటి మారి ఉంటుంది. బాత్‌రూం తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది, పైన దీపం ఊగుతుంది, వెనక ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంటుంది. తుపాకీ లేదు, పరుగు లేదు. నడవడం, చూడడం, అంతే. కొత్త సైలెంట్ హిల్ రాబోతోందనీ, చేసేది కోజిమా, సినిమా దర్శకుడు గియెర్మో దెల్ తోరో అనీ ఆట చివర తెలుస్తుంది. నేను నా జీవితంలో చూసిన గొప్ప పనితనాల్లో అదొకటి. 2015 ఏప్రిల్లో ఆ ప్రాజెక్టు రద్దయింది. ఏప్రిల్ 29న పి.టి.ని దుకాణంలోంచి తీసేశారు. ఒకసారి తెచ్చుకున్నవాళ్లు కూడా మళ్లీ దింపుకోలేకుండా చేశారు. అది ఎక్కి ఉన్న యంత్రాలే మిగిలాయి. మావాడు ఆ ప్లేస్టేషన్‌ను ఇప్పటికీ బీరువాలో గుడ్డ చుట్టి పెట్టాడు.

ఆ ఏడాది సెప్టెంబరు 1న మెటల్ గేర్ అయిదో భాగం వచ్చింది. ఏడాది ముగిసేలోపు 50 లక్షలు దాటి అమ్ముడైంది. పెట్టె మీద హిడియో కోజిమా ఆట అన్న మాట లేదు, చెరిపేశారు. ఆట లోపల మాత్రం ప్రతి అధ్యాయానికీ మొదట, చివర పేర్లు పడతాయి, ప్రతిసారీ అతని పేరు వస్తుంది. అట్ట మీద చెరిపినవాళ్లకు లోపల చెరపడం సాధ్యపడలేదేమో. ఆ డిసెంబరులో అమెరికాలో గేముల బహుమతుల వేడుకకు కోజిమాను రాకుండా కొనామి లాయరు ఆపాడని వేదిక మీదే ప్రకటించారు. ఆటలో నాయకుడికి గొంతు ఇచ్చిన నటుడు కీఫర్ సదర్లాండ్ వచ్చి బహుమతి అందుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే కోజిమా సొంత సంస్థ ప్రకటించాడు. కాసిల్వేనియాకు పేరు తెచ్చిన కోజి ఇగరాషి అప్పటికే 2014లో బయటికొచ్చేశాడు. అలాంటి ఆటే మళ్లీ చేస్తాను, సాయం చెయ్యండని జనాన్ని అడిగితే దాదాపు 65 వేల మంది కలిసి 55 లక్షల డాలర్లు ఇచ్చారు.

తర్వాత వచ్చినవి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెప్పడానికి మనసొప్పదు. మెటల్ గేర్ మూడో భాగాన్ని పచిస్లాట్ యంత్రంగా మార్చి, దాని కోసం పాత దృశ్యాలను కొత్తగా, అద్భుతంగా గీయించారు. ఆ దృశ్యాలు చూడాలంటే జూదశాలకు వెళ్లాలి. 2018లో మెటల్ గేర్ సర్వైవ్, అందులో రెండో పాత్రను దాచుకోవాలంటే విడిగా డబ్బు. 2019లో కాంట్రా పేరుతో ఒకటి వచ్చింది, నేను కొనుక్కుని గంట ఆడి ఆపేశాను. 2021 సెప్టెంబరులో ఫుట్‌బాల్ ఆట ఆటగాళ్ల ముఖాలు వంకర్లు పోయి బయటికొస్తే కొనామి మర్నాడే క్షమాపణ చెప్పుకుంది. ఇవన్నీ జరుగుతున్నా కంపెనీకి ఏ లోటూ లేదు. 2024 మార్చితో ముగిసిన ఏడాది ఆదాయం 36 వేల కోట్ల యెన్లు, అప్పటికి వాళ్ల చరిత్రలోనే ఎక్కువ. ఈ అంకె చూసి యాజమాన్యం సరైనదేనని వాదించేవాళ్లున్నారు. నా జవాబు ఒకటే. ఆ డబ్బు తెచ్చేవి ఎక్కువ భాగం పాత పేర్లు. ఆ పేర్లకు విలువ తెచ్చిన చేతులు కంపెనీలో లేవు.

మా అక్క కొడుకు సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. హైదరాబాదులో ఒక స్టూడియోలో వాడు ఆరేళ్లు పనిచేశాడు. విదేశీ ఆటలకు రాళ్లు, గోడలు, చెట్ల బెరడు చెయ్యడం వాళ్ల పని. ఒక ఆటలో శిథిలమైన గుడి గోడ మీద నాచు వాడే మూడు నెలలు చేశాడు. ఆట వచ్చిన రోజు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చివర పేర్ల దాకా ఆడాడు. పేర్లు పావుగంట పాకాయి. వాడి పేరు రాలేదు, స్టూడియో పేరు మాత్రం ఒక వరసలో వచ్చింది. మా అక్క "ఇంకోసారి వెయ్యరా, నేను సరిగ్గా చూళ్లేదేమో" అంది. వాడు మాట్లాడకుండా టీవీ కట్టేశాడు.

ముప్ఫై లైఫుల వరస రాసిన హషిమోటో 2020 ఫిబ్రవరి 25న చనిపోయాడు. 61 ఏళ్లు. ఆ వార్త ప్రపంచమంతటా వచ్చింది. నేను మా షాపుకొచ్చిన పిల్లల్లో ఫోను నంబర్లు దొరికిన ఏడుగురికి చెప్పాను. ఇద్దరు వెంటనే ఆ వరసను తప్పులేకుండా అప్పజెప్పారు.

2024 అక్టోబరు 8న సైలెంట్ హిల్ రెండో భాగం కొత్త రూపంలో వచ్చింది. చేసింది పోలెండ్‌లోని క్రాకోవ్ నగరం వాళ్లు. బాగుంది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పొగమంచు మళ్లీ పొగమంచులా ఉంది. కొద్దిరోజుల్లోనే పది లక్షలు అమ్ముడైంది. చివర పేర్లు పడుతుంటే మావాడూ నేనూ లేవకుండా చదివాం. రాక్షసుల్ని గీసిన మసహిరో ఇటో పేరు వచ్చింది. సంగీతం చేసిన అకిరా యమయోకా పేరు వచ్చింది. 2001లో అసలు ఆటకు ఆ పనులు చేసింది కూడా ఆ ఇద్దరే. ఇప్పుడు ఇద్దరూ బయటి నుంచి పిలిపించుకున్నవాళ్లు. కొనామి ఉద్యోగులు కారు.